పెడచెవి

వాల్దీవియాలో వాన ఋతువు కాదు,
ఇంటి అద్దె. నెలనెలా కట్టాల్సిందే.
నా పడవ, నా మోకాళ్ళు, నా కుక్క,
ముగ్గురి మీదా బాకీ ఉంటూనే ఉంటుంది.

కుక్క పేరు కొచాయుయో. సముద్రపు నాచు పేరది.
తడిస్తే ఆ నాచులాగే గోధుమరంగులో జారిపోతుంది.
చెవులు మాత్రం
తాడు మీద మరిచిపోయిన రెండు గుడ్డలు,
ఆరిన రోజు లేదు.

నలభై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్నాను.
నా ఎడమచెవి కాయే-కాయే నదిలో ఎక్కడో పడిపోయింది.
అందుకే పొగమంచు పొద్దుల్లో
ఇసుక బార్జి కూత ముందు వినేది అదే.
అది మూతి తిప్పిన వైపు చూసి
నేను చుక్కాని తిప్పేవాణ్ణి.

ఏప్రిల్‌లో తల విదిలించడం మొదలెట్టింది.
చెవి ఎత్తి చూస్తే
పులిసి పొంగిన పిండి వాసన.
"వెచ్చటి నూనెలో వెల్లుల్లి" అంది
చేపలమ్మే ఎర్సీలియా, సముద్రసింహానికి ఒక తల విసిరేస్తూ.
"వెనిగర్" అన్నాడు ఆమె పక్కవాడు.
నేను ఇద్దర్నీ వినలేదు, అంతకంటే తెలివైనవాణ్ణి కదా,
దూదిపుల్ల దూర్చాను.
అది అరవలేదు. నా చెయ్యి వంక చూసింది, అంతే.

ఆ వారమే, కూత వినపడి
అటు తిరగాల్సింది ఇటు తిరిగింది.
బార్జి మమ్మల్ని రాసుకుంటూ పోయింది.
పడవ అంచు మీద ఎర్ర రంగు గీత ఇప్పటికీ ఉంది.

డాక్టరు పేరు రాయెన్. మపూచే మాటలో పువ్వట.
చెవిలో పువ్వులు పెట్టే మనిషి మాత్రం కాదు.
"ఈ దారి తిన్నగా ఉండదు, దోన్ నోల్బెర్తో.
కిందికి దిగి, లోపలికి తిరుగుతుంది,
మీ నది మలుపులాగే. మడ్డి చేరేదీ అక్కడే.
మీ పుల్ల దాన్ని ఇంకా లోపలికి తోసింది."
దీపం పెట్టి అడుగున ఉన్న పొర చూసింది.
"అది చిరిగి ఉంటే కొన్ని మందులు
మిగిలిన వినికిడిని కూడా ఎత్తుకుపోతాయి.
ముందు చూడాలి. పొయ్యడం ఆ తర్వాత."

గాజుపలక మీద మురికి రాసి, ఊదారంగులో ముంచి,
నన్నూ చూడమంది.
వేరుశనక్కాయలు. గుంపులు గుంపులుగా.
నా కుక్క చెవిలో ఎవరో సంత పెట్టారు.

బయట ఒక పిల్లాడు, పళ్ళపెట్టెలో పిల్లి.
దాని చెవి నిండా కాఫీపొడి లాంటి నలుపు.
"పురుగులు. ఇంట్లో ఇంకెన్ని పిల్లులున్నాయి?"
వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.
"అన్నిటికీ వెయ్యాలి. గోక్కోని దానికి కూడా."

నాకు పద్నాలుగు రోజుల చుక్కలు.
అయిదోరోజుకి వాసన పోయింది.
సీసా అలమరలో పెట్టేశాను,
ఆమె మాటని పెడచెవిన పెట్టినట్టే.
జూన్‌లో సంత మళ్ళీ వెలిసింది.
ఆమె తిట్టలేదు. ఇంకో గాజుపలక తీసింది.
తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు రోజూ, ఒడ్డుకి రాగానే,
చెవి మడత విప్పి తువ్వాలుతో ఒత్తుతాను.
వారానికోసారి కడిగే మందు పోసి
చెవి మొదట్లో నలుపుతాను,
బురదలో బూటు లాగినట్టు చప్పుడు.
తర్వాత వదిలేస్తాను. విదిలించడం దాని పని.
నా వేలు అందినంతే తుడుస్తాను,
అందనిది నాది కాదు.
నా మొహం నిండా తుంపర. వాన కంటే నయం.

మొన్న పరీక్షకి వెళ్తే, రెండు చెవులూ శుభ్రం.
డాక్టరు చేతులు కడుక్కుంటూ ఏదో అడిగింది,
"మీది ఎప్పుడు చూపించుకుంటారు?" అన్నట్టుంది.
సరిగ్గా చెప్పలేను.
ఆమె నాకు ఎడమవైపు నిలబడి ఉంది.